చింతపిక్కల లెక్క

మే నెల మధ్యాహ్నం మా ఊళ్ళో కాకి కూడా అరవదు. మిరపకాయలు కల్లాల్లోంచి లేచి కోల్డ్ స్టోరేజీలకు చేరిపోయి ఉంటాయి. పత్తి చేలల్లో మోడులు పీకేసి ఉంటాయి. గుంటూరు యార్డుకూ సెలవులే, బడికీ సెలవులే. మాది చిలకలూరిపేటకు దగ్గర పల్లె. నాకు ముప్ఫై రెండేళ్ళు, నాలుగేళ్ళుగా కీళ్ళవాతం. డాక్టర్లు రుమటాయిడ్ అంటారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి కీళ్ళ మీద పడుతుందట. మా వాడికి ఐదేళ్ళు. వాడికి ఊహ తెలిసినప్పటి నుంచీ నేను ఇట్లాగే ఉన్నాను.

పొదిలి వైపు నుంచి మా మేనత్త వారం రోజులు ఉండి పోదామని వచ్చింది. రెండో రోజే మాకు పేచీ మొదలై మూడు మధ్యాహ్నాలు సాగింది. రాసింది నేను కాబట్టి నా వైపు కొంచెం మొగ్గి ఉండొచ్చు. అందుకే అత్తకు చదివి వినిపించాను. నాలుగు చోట్ల దిద్దించింది, ఒక చోట కొట్టేయించింది.

అత్త: వాణ్ణి నాతో పంపించు. బడి తెరిచేదాకా మా ఇంట్లో ఉంటాడు. జూన్‌లో నేనే తెచ్చి దింపుతా.

నేను: ఇప్పుడు ఏమైందని?

అత్త: పొద్దుటి నుంచి చూస్తన్నా. నువ్వు మంచం మీద, వాడు మంచం పక్కన. ఈ ఎండకి బయటికి పంపలేవు, లోపల వాడి వెంట పడలేవు. ఐదేళ్ళ పిల్లోడు, ఒక్కసారి కూడా పరిగెత్తలేదు.

నేను: ఏడుస్తున్నాడా? ఆడుకుంటూనే ఉన్నాడుగా.

అత్త: ఏడవట్లేదు. అదే నాకు నచ్చలేదు.

నేను: ఇదెక్కడి గోల అత్తా! ఏడిస్తే తల్లికి చేతకాదంటారు, ఏడవకపోతే ఇదా?

అత్త: దాని సంగతి తర్వాత చెప్తాలే. ముందు నువ్వు చెప్పు. రోజంతా వాడితో ఏం చేస్తావు?

నేను: పొద్దున లేచేసరికి నా వేళ్ళు ముదిరి ఎండిన బెండకాయల్లాగా ఉంటాయి. పిడికిలి మూయలేను, చెంబు పట్టలేను. గంటన్నర, ఒక్కోరోజు రెండు గంటలు. ఆ రెండు గంటలకని కొన్ని ఆటలు కనిపెట్టాను. మంచం దిగకుండా దాగుడుమూతలు ఆడతాం. నేను కళ్ళు మూసుకుని ఇంట్లో ఎక్కడో దాక్కున్నాననుకుంటాను. వాడు అడుగుతూ వెతకాలి. ‘బియ్యం డబ్బాలో ఉన్నావా?’ ‘పట్టను, కాళ్ళు బయటికొస్తాయి.’ ‘ఫ్రిజ్ మీద?’ ‘అక్కడ పెరుగు గిన్నె ఉందిగా.’ మొన్న పావుగంట వెతికాడు. చివరికి చూస్తే వాళ్ళ నాన్న చెప్పులో ఉన్నాను, చిటికెన వేలంత అయిపోయి. ‘చిన్నగా అయితే ముందే చెప్పాలి, తొండి’ అని పెద్ద గొడవ. నిన్న వాడు దాక్కున్నాడు. నేను మోకాలి కింద పెట్టుకునే దిండు లేదూ, అందులో ఉన్నాడట. ‘నువ్వు కదిలినప్పుడల్లా నాకు ఊపిరాడలేదు’ అన్నాడు. ఎంత నవ్వుకున్నామో.

అత్త: ఊపిరాడలేదన్నాడా?

నేను: ఆటలో మాట అత్తా అది.

అత్త: సరే. ఆటలో మాటే.

నేను: తర్వాత నాపరాళ్ళ మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గీస్తాడు. గవ్వలు వాడే వేస్తాడు, నా వంతువి కూడా. పది దాటాక నా చేతులు కాస్త వదులవుతాయి. అప్పుడు వామనగుంటలు. మధ్యాహ్నం కథ. సోమవారం మాత్రం ఏమీ ఉండవు. ఆదివారం రాత్రి వేసుకునే మాత్ర ఒకటుంది. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మర్చిపోయి రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ మాత్ర వేసుకున్న మర్నాడు లేవలేను, వాంతి వచ్చేట్టుంటుంది. ఆ రోజు వాడికి ఫోను ఇచ్చేస్తాను.

అత్త: ఆ మాట చెప్పేటప్పుడు తల దించుకున్నావెందుకే? ఇస్తే ఇచ్చావు.

నేను: ఐదేళ్ళ లోపు పిల్లలకు రోజుకు గంటకు మించి తెర చూపించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

అత్త: వీడికి ఐదు నిండాయిగా. అయినా ఆ సంస్థ వాళ్ళు సోమవారం వచ్చి నీకు గంజి కాచి పోస్తారా? నువ్వు పడుకోవాల్సిన రోజు పడుకో. ఆ బొమ్మల్లో పిల్లి ఎలకని తరుముకుంటది, వీడు చూస్తాడు. కొంపలేం మునిగిపోవు.

నేను: మునిగాయి అత్తా. మొదట్లో జబ్బేంటో తెలియక నెలల తరబడి మంచం పట్టినప్పుడు వాడికి ఏడాదిన్నర. ఫోను పెడితేనే ముద్ద మింగేవాడు. చేతిలోంచి తీసుకుంటే తల నేలకేసి కొట్టుకునేవాడు. వాడి నోట మాట రావటానికి మూడేళ్ళు పట్టింది. ఫోను వల్లేనని ఎవరూ తేల్చి చెప్పలేదు గానీ, నా మనసులో మాత్రం తేలిపోయింది. అందుకే ఈ ఆటలన్నీ పోగేశాను.

అత్త: అంటే ఆడేది వాడి కోసమా, నీ మనసులో తేలిపోయిన దాని కోసమా?

దీనికి నేను జవాబు చెప్పలేదు. కరెంటు పోయింది. అత్త తాటాకు విసనకర్ర అందుకుని వాడికి విసురుతూ కూర్చుంది. ఆ పూటకు అంతే.

మర్నాడు అత్త పక్కింటి నుంచి ఒక గంపెడు పత్తి తెచ్చింది. పోయిన ఏటి పత్తి, ఇంకా గింజ తీయనిది. వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని గింజ తీయటం, పింజ విప్పటం, తొడ మీద పెట్టి వత్తి చేయటం నేర్పింది. పది నిమిషాల్లో వాడికి అసలు సంగతి తెలిసిపోయింది. పింజను ఫ్యాను కింద వదిలితే ఎగురుతుంది. ఇంక చూడండి, ఇల్లంతా నవంబరులో పత్తి లారీ వెళ్ళిన రోడ్డు లాగా తయారైంది.

నేను: ఇప్పుడిదంతా ఎవరు ఊడుస్తారు?

అత్త: నేను ఊడుస్తా. లేకపోతే రేపటిదాకా ఉంటది. పత్తి కుడుతుందా, కరుస్తుందా? మిరపకాయలైతే నేనే వద్దందును.

నేను: మిరపకాయల సరదా ఫిబ్రవరిలోనే తీరిపోయింది. కల్లంలో తాలుకాయలు ఏరతానని కూర్చుని, అదే చేత్తో కళ్ళు నలుపుకున్నాడు. అది సరే గానీ, నిన్నేమో పిల్లోడు పరిగెత్తట్లేదన్నావు. ఇవాళ నువ్వే కూర్చోబెట్టి పని చేయిస్తున్నావు.

అత్త: పనికేమైందే? పిల్లలకి పని చెప్తే మనుషుల్లో పడతారు. కానీ వత్తి చేస్తే అది దేవుడి ముందు వెలుగుతుంది, నీ మోకాలి కోసం కాదు. నువ్వు చెప్పే పనులు విన్నా. ‘నాన్నా, ఆ దిండు ఇటు జరుపు. నాన్నా, నీళ్ళు. నాన్నా, తలుపు మెల్లగా వెయ్యి.’ అన్నీ నీ ఒంటి చుట్టూ తిరిగే పనులే.

నేను: మరి నేను లేవలేను కదా.

అత్త: లేవలేవు. నేను తప్పనలా. వాడికి వేరే పని కూడా ఉండాలంటన్నా. పాడుచేసే పని అయితే ఇంకా మంచిది.

నేను: మాత్రలు మాత్రం వాడి చేత తీయించను. డబ్బా బీరువా మీద ఉంటుంది. పెద్దవాళ్ళే లెక్క తప్పితే ప్రమాదమైన మాత్ర, పిల్లాడి చేతికి అందకూడదు. ఆదివారం రాత్రి వాళ్ళ నాన్నే రేకు చించి ఇస్తాడు.

అత్త: అదొక్కటీ మంచి పని చేశావు.

నేను: కథలు చెప్పటం కూడా మంచి పనే. చేతులు పోయినా నోరు పోలేదుగా. చందమామ పెట్టిన చక్రపాణి గారిది మన తెనాలే. క్షయ వచ్చి మదనపల్లె శానిటోరియంలో ఉన్నారు. అప్పట్లో క్షయ అంటే తెలుసుగా, వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారో రారో. ఆయన అక్కడ తోటి రోగి దగ్గర బెంగాలీ నేర్చుకుని, బయటికొచ్చి శరత్ నవలల్ని తెలుగు చేశారు. 1947 జూలైలో చందమామ మొదలుపెట్టారు. మా నాన్న మాకు చదివి వినిపించిన కథలన్నీ అలా వచ్చినవే. జబ్బుమనిషి పిల్లల్ని ఆడించలేడని ఎవరన్నారు? మన రాష్ట్రమంతటినీ ఆడించాడు ఆయన.

అత్త: ఆయన శానిటోరియంలో ఉన్నప్పుడు అన్నం ఎవరు పెట్టారు? పక్క ఎవరు దులిపారు? మందు వేళకి ఎవరిచ్చారు? మనిషి తీరిగ్గా పడుకుంటే బెంగాలీ ఏంటి, ఏదైనా వస్తది. నీకు తీరిక యాడుంది? పొయ్యి మీద పాలు పెట్టి, మంచం మీదికొచ్చి కథ చెప్తావు. కథలో రాజుగారు అడవికి పోయేలోపు పాలు పొంగిపోతాయి.

నేను: పొంగితే పొంగాయి. అమ్మ తనతో మాట్లాడుతుందని వాడికి తెలుస్తుంది.

అత్త: చక్రపాణికి ఒకళ్ళు వండిపెట్టారు, నీకు వండిపెట్టేవాళ్ళు కావాలి. అది మొగుడితో తెగేసి చెప్పు. కథలు తర్వాత.

ఇదుగో, ఈ చోట నేను రాసింది అత్త ఒప్పుకోలేదు. ‘నేనంత కటువుగా అన్లేదే’ అంది. అన్నది. కానీ అన్న తర్వాత లేచి వెళ్ళి పాలు దించింది. ఆ సంగతి నేను రాయలేదని దిద్దించింది.

మూడో రోజు పేచీ వామనగుంటల పీట దగ్గర వచ్చింది. అసలు గొడవ అక్కడుంది.

మా ఇంట్లో చింతపిక్కలు రెండు రకాల ఆటలకు పనికొస్తాయి. పద్నాలుగు గుంటల పీట మీద ఆట ఒకటి. మేం గుంటకు నాలుగు వేస్తాం. పిక్కలు ఒక్కొక్కటిగా జారవిడవటం నా వేళ్ళకు కుదరదు. ‘నా వైపు మూడో గుంట తియ్యి’ అని నేను చెప్తాను, వాడు నా తరఫున పంచుతాడు. పంచేటప్పుడు నా గుంటలో ఒకటి తగ్గించి తన గుంటలో ఒకటి పెంచుతాడు. నేను పట్టుకుంటాను. ఆ పట్టుకోవటంలో ఉన్న మజా ఇంకెందులోనూ లేదు. రెండోది లెక్క. పొద్దున నా బలాన్ని బట్టి ఒక గిన్నెలో పిక్కలు వేస్తాను. బాగున్న రోజు పన్నెండు, బాగాలేని రోజు ఐదు. స్నానానికి ఒకటి, వంటకు మూడు, వాడితో ఆటకు రెండు తీసి పక్కన పెడతాం. గిన్నె ఖాళీ అయితే అమ్మ పడుకుంటుంది. వాడు గొడవ చేయడు.

అత్త: ఈ లెక్క ఎవరు నేర్పారే నీకు?

నేను: అమెరికాలో లూపస్ జబ్బున్న క్రిస్టీన్ మిజరాండినో అనే ఆవిడ 2003లో రాసింది. హోటల్లో కూర్చున్నప్పుడు స్నేహితురాలు ‘నీ జబ్బు నీకెలా ఉంటుంది?’ అని అడిగిందట. ఈవిడ చుట్టుపక్కల బల్లల మీద చెంచాలన్నీ పోగేసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. ‘ఇవాళ్టికి నీ బలం ఇంతే. ఒక్కో పనికి ఒక్కోటి తీసేస్తూ పో’ అంది. సాయంత్రం కాకుండానే చెంచాలు అయిపోయే దశకొస్తాయి. అది చదివి ప్రపంచంలో ఎంతమంది రోగులు ఆ చెంచాల లెక్క పట్టుకున్నారో! నేను చెంచాల బదులు పిక్కలు పెట్టాను.

అత్త: ఆ స్నేహితురాలు ఎంత పిల్ల?

నేను: కాలేజీలో తోటిది.

అత్త: మన వాడు?

నేను: …

అత్త: నిన్న నువ్వు పడుకున్నాక నేను ఇటు తిరిగి పడుకునే ఉన్నా, నిద్రపోలా. వాడు పీట దగ్గరికొచ్చాడు. తన వైపు గుంటల్లోంచి రెండు పిక్కలు తీశాడు. చప్పుడు కాకుండా తీసుకెళ్ళి నీ గిన్నెలో వేశాడు. నేను చూశానని చూసుకుని దగ్గరికొచ్చాడు. ‘అమ్మమ్మా, చెప్పొద్దు. ఇవాళ ఆడమని అడగను. రేపటికి ఎక్కువుంటాయి’ అన్నాడు.

నాకు మొదట వచ్చింది సంతోషమే, దాచటం ఎందుకు. నా కొడుకు బంగారమనుకున్నాను. ఆ మాట పైకి కూడా అన్నాను.

అత్త: బంగారమే. నన్నూ అట్టాగే అనేవాళ్ళు.

నేను: ఎవరు?

అత్త: ఊరంతా. మీ నాయనమ్మ సంగతి మీ నాన్న నీకు చెప్పలేదా?

నేను: నడుము వంగిపోయిందని చెప్పాడు. ఫ్లోరైడు నీళ్ళ వల్ల.

అత్త: నీళ్ళు తియ్యగా ఉండేయి. అది గమనించు. చూస్తే తేటగా, తాగితే తియ్యగా. ఆ బావి నీళ్ళే మా పళ్ళ మీద గార. మా అమ్మకి ముప్ఫై ఐదు దాటేసరికి వెన్ను బిగుసుకుపోయింది. మెడ తిరిగేది కాదు. పక్కకి చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. నలభైకి నేల చూపు అయింది. ఆ ఊళ్ళో మా అమ్మ ఒక్కతే కాదు, వీధికి ఇద్దరు ముగ్గురు.

నేను: మొన్న చదివాను అత్తా. షార్ట్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ 1937లోనే మన పల్లెల్లో ఈ జబ్బు గురించి రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. మనుషులకు ఫ్లోరైడు జబ్బు ఉందని మన దేశంలో తొలిసారి బయటపడింది అక్కడే అంటారు.

అత్త: 1937లోనా? నేను ఆ బావి నుంచి నీళ్ళు మోసింది 1967లో. ఎనిమిదేళ్ళదాన్ని. ముప్ఫై ఏళ్ళ ముందే డాక్టర్లు రాసి పెట్టిన నీళ్ళు మోసి మా అమ్మ నోట్లో పోశానన్నమాట.

అత్త కాసేపు మాట్లాడలేదు. ఆ మాట పొరపాటున అన్నానా అనుకున్నాను. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదని ఇవాళ ప్రమాణం. ఆ బావిలో ఎంత ఉండేదో కొలిచినవాడు మా అత్తకు తెలిసి ఎవడూ లేడు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడింది. 1996లో వెలిగొండ నీటి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. నాయనమ్మ ఆ రెండింటి మధ్యనే పోయింది.

నేను: చింతపండు తింటే ఒంట్లో ఫ్లోరైడు మూత్రంలో కొంత ఎక్కువగా పోతుందని హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు పరిశోధన చేశారట.

అత్త: మా ఇంట్లో రోజూ చింతపండు చారే. అయినా బావి మారకుండా చారు ఎంత తాగితే ఏం లాభం? నేను చెప్పొచ్చేది అది కాదు. ఇంటికి ఎవరొచ్చినా గడప దగ్గర నన్నే అడిగేవాళ్ళు, ‘అమ్మకెట్టా ఉందే?’ అని. పెద్దదానిలాగా జవాబు చెప్పేదాన్ని. ‘రాత్రి నిద్రపోలేదు పిన్నీ, ఇప్పుడే గంజి తాగింది.’ ‘ఎంత ఆరిందో చూడు’ అని మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకున్న కొద్దీ బయటికెళ్ళి తొక్కుడుబిళ్ళ ఆడాలంటే సిగ్గేసేది. నన్ను ఎవరూ ఆడించలేదని నాకు బాధ లేదు. ఆ రోజుల్లో పిల్లల్ని ఎవరు ఆడించారు గనక. ‘నువ్వు ఇవాళ ఏం ఆడావే?’ అని ఒక్కళ్ళు అడగలేదు. మన వాడు నిన్న వాకిట్లో పక్కింటి పిల్లలతో ఏమన్నాడో తెలుసా? ‘మా అమ్మ పడుకుంది, అరవమాకండి.’ వాడే అరవాల్సినోడు.

నేను: అయితే పంపించేయమంటావు.

అత్త: అదేగా రెండు రోజుల నుంచి మొత్తుకునేది.

నేను: నా మాట కూడా విను. పోయిన ఏడాది జబ్బు తిరగబెట్టినప్పుడు ఇరవై రోజులు మా అత్తగారింటికి పంపాం. అక్కడ మేకపిల్ల ఉంది, పెద్ద వాకిలి ఉంది, తాతయ్య భుజాన వేసుకుని తిప్పాడు. హాయిగా ఉన్నాడని అందరూ చెప్పారు. తిరిగొచ్చాక రెండు రోజులు నా మంచం ఎక్కలేదు. మూడో రోజు అడిగాడు, ‘నేను ఎగిరినందుకేనా నన్ను పంపింది?’ అని. జబ్బు తిరగబెట్టిన రోజు పొద్దున వాడు నా మంచం మీద ఎగిరాడట. నాకు గుర్తు కూడా లేదు. వాడు ఇరవై రోజులూ ఆ మాట మోసుకుని తిరిగాడు.

అత్త: అట్టా అన్నాడా?

నేను: అందుకే పంపాలంటే భయం. ఇక్కడ ఉంటే నీలాగా ఆరిందా అవుతాడు. పంపితే తనే నేరం చేశాననుకుంటాడు. ఏది తక్కువ తప్పో చెప్పు.

అత్త చాలాసేపు వత్తులు చుడుతూ ఉండిపోయింది. తర్వాత చెప్పిన విషయం కొట్టేయమంది. తర్వాత మళ్ళీ తనే ఉంచమంది. కొట్టేయించిన చోటు వేరు, అది వాళ్ళ ఇంటి సంగతి.

అత్త: మా అమ్మ మెడ తిరగదన్నానుగా. నేను వెనక్కెళ్ళి నిలబడేదాన్ని. వెనక నిలబడి నాలుక బయటపెట్టేదాన్ని, కోతిలాగా గెంతేదాన్ని, జడ విప్పేసి జుట్టు మొహం మీద పోసుకునేదాన్ని. ఆమె చూడలేదుగా. చూడకుండానే చెప్పేది. ‘నాలుక బయటపెట్టావు’ అనేది. ‘ఇప్పుడు ఒంటికాలి మీద ఉన్నావు’ అనేది. ఎట్టా తెలిసేదో! కాళ్ళ పట్టీల చప్పుడు బట్టి కావచ్చు. ఒక రోజు పట్టీలు విప్పి మూల పెట్టి వెళ్ళా. అప్పుడూ చెప్పింది, ‘పట్టీలు తీశావు’ అని. ఇన్నేళ్ళూ దాన్ని తల్చుకుంటే సిగ్గుగా ఉండేది. తల్లి మెడ పడిపోతే ఆడపిల్ల వెనక నిలబడి వెక్కిరించిందని.

నేను: వెక్కిరించటం ఏంటి అత్తా? మీరిద్దరూ ఆడుకున్నారు.

అత్త: ఏమో. ఆమె నవ్వేదో లేదో నాకెట్టా తెలుస్తది? నేను వెనకే ఉన్నాగా.

నేను: ఆమే గెలిచేదిగా రోజూ. నిన్ను పట్టుకునేది. నేను పిక్కల దొంగను పట్టుకున్నట్టు.

అత్త: ఆ ఒక్కటే. ఆ కాసేపూ నేను ఆమెకి నీళ్ళు తెచ్చేదాన్ని కాదు, ఆమె మంచం మనిషి కాదు. అది నిజమే.

నేను: మరి అదే నేను చెప్పేది.

అత్త: నువ్వు చెప్పేది అది కాదు. మా అమ్మ ఎప్పుడూ నాకు లెక్క చూపించలేదు. నొప్పి ఎంతుందో పిక్కలు వేసి చూపిస్తే నేను వెనక నిలబడి గెంతేదాన్నా?

పోట్లాటలో నేను ఓడింది అక్కడ. ఆ సాయంత్రం లెక్క గిన్నె తీసి, పిక్కలన్నీ వామనగుంటల పిక్కల్లో కలిపేశాను. వాడు అడిగాడు, ‘ఇప్పుడు నీకెన్ని ఉన్నాయో ఎట్టా తెలుస్తుంది?’ అని. ‘నాకు తెలుస్తుందిలే. అది చూసుకోవటం పెద్దవాళ్ళ పని. నువ్వు ఆడమని అడుగు. కుదిరితే ఆడతా, కుదరకపోతే ఆడనని చెప్తా. ఆడననంటే నువ్వు అలగొచ్చు’ అన్నాను. ‘అరవచ్చా?’ అన్నాడు. ‘అరువు’ అన్నాను. అరిచాడు. వీధి కుక్క లేచి చూసింది.

కానీ అత్త కూడా అన్నిటా గెలవలేదు. పంపటమే మందు అన్న మాట మీద ఆమె నిలబడలేకపోయింది. చివరికి తేలింది ఇది. వాడు పది రోజులు వెళతాడు. జబ్బు తిరగబెట్టినప్పుడు కాదు, నేను కాస్త బాగున్న ఇప్పుడే వెళతాడు. బట్టల సంచి నేనూ వాడూ కలిసి సర్దుతాం. ఎందుకు వెళుతున్నావని ఎవరైనా అడిగితే ‘మామిడికాయలకి’ అని చెప్పాలి, అది నిజం కూడా. రోజూ రాత్రి ఫోనులో దాగుడుమూతలు. నేను పొదిలి ఇంట్లో దాక్కుంటాను, వాడు చిలకలూరిపేట ఇంట్లో. ఇక్కడ పొద్దుటి వంట మా ఆయనది. ఆ మాట అత్తే అతని మొహం మీద చెప్పింది. మేనత్త నోటికి అల్లుడు ఎదురు చెప్పలేదు. ఆ రెండు గంటలు బిగుసుకుపోయిన వేళ్ళతో నేను పాల గిన్నె పట్టుకోనక్కర్లేదు. చక్రపాణి గారికి దొరికింది నాకు సగం దొరికింది.

సోమవారం ఫోను మీద మాకు రాజీ కుదరలేదు. ఆమె ఇవ్వమంటుంది, నేను తల దించుకునే ఇస్తాను.

ఇదంతా పత్రికకి రాస్తానంటే అత్త ఒక షరతు మీద ఒప్పుకుంది. చివర తన మాటగా ఇది ఉండాలంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ‘మీ వీధిలో ఇట్టాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటది. సాయంత్రం ఎండ తగ్గాక వెళ్ళి ఆ పిల్లోణ్ణి ఒక గంట మీ పిల్లలతో పాటు ఆడటానికి పిలుచుకుపోండి. అమ్మకెట్టా ఉందో తెలుసుకోవాలంటే లోపలికెళ్ళి అమ్మనే అడగండి. గడప దగ్గర పిల్లోణ్ణి అడగమాకండి. వాణ్ణి అడిగితే ఇవాళ ఏం ఆడావని అడగండి.’